రేడియేటర్‌లో పోయే వేడితో కలప ఆరబెట్టడం: చిన్న జనరేటర్ మీద మా ప్రాజెక్టు డైరీ

ఎక్కడ మొదలైంది

లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. చిన్న జనరేటర్ అందులోంచి కరెంటుగా మార్చేది రెండు, మహా అయితే రెండున్నర యూనిట్లు. మిగతాదంతా వేడే. కొంత ఇంజిన్ చుట్టూ తిరిగే నీళ్లలోకి వెళ్తుంది. కొంత పొగతో పాటు సైలెన్సర్ గొట్టంలోంచి పోతుంది. ఇంకొంత ఇంజిన్ ఒంటి మీది నుంచి షెడ్డు గాలిలో కలిసిపోతుంది.

మా తమ్ముడిది వడ్రంగి పని. షెడ్డుకి వచ్చే కరెంటు లైను మీద ఆధారపడలేం. రంపాలు, చిత్రిక పట్టే మెషీన్ నడవాలంటే పని ఉన్న ప్రతిరోజూ ఆరేడు గంటలు జనరేటర్ తిరగాల్సిందే. అదే షెడ్డు వెనక పచ్చి కలప ఆరబెట్టే గది ఉంది. దానికి వేడి కోసం విడిగా ఒక పొయ్యి. అంటే గోడకి ఇటుపక్క వేడిని రేడియేటర్ ఫ్యానుతో పనిగట్టుకుని బయటికి తోలుతున్నాం. అటుపక్క వేడి కావాలని కట్టెలు కాలుస్తున్నాం. ఈ రెండింటినీ కలపడమే మా ప్రాజెక్టు.

ఒకే ఇంధనంతో కరెంటు, వేడి రెండూ తీసుకోవడం కొత్త సంగతి కాదు. ఎడిసన్ 1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో మొదలుపెట్టిన విద్యుత్ కేంద్రం ఆవిరిని కూడా చుట్టుపక్కల భవనాలకి అమ్మింది. చక్కెర మిల్లులు చెరకు పిప్పి కాల్చి ఆవిరి చేస్తాయి, దాంతో ముందు టర్బైన్ తిప్పుతాయి, టర్బైన్ వదిలిన తక్కువ ప్రెషర్ ఆవిరితో రసం మరిగిస్తాయి. చిన్న సైజులోనూ చాలామంది ప్రయత్నించారు. ఇటలీలో ఫియట్ సంస్థ 1970ల్లో తన 127 కారు ఇంజిన్‌నే తీసుకుని, 15 కిలోవాట్ల కరెంటు, దాదాపు 38 కిలోవాట్ల వేడి ఇచ్చే టోటెమ్ అనే యూనిట్ తయారుచేసింది. జపాన్‌లో 2003 నుంచి హోండా ఇంజిన్‌తో ఎకోవిల్ పేరిట ఇళ్లకి చిన్న యూనిట్లు వచ్చాయి. అవి ఒక కిలోవాట్ కరెంటుకి సుమారు మూడు కిలోవాట్ల వేడి ఇచ్చేవి. ఈ నిష్పత్తులు చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. చిన్న ఇంజిన్‌లో ప్రధానంగా పుట్టేది వేడి, దానితో పాటు వచ్చేది కరెంటు. అందుకే మొదట అడగాల్సిన ప్రశ్న ఎంత కరెంటు కావాలని కాదు. వేడి ఎవరికి కావాలి, ఎంత కావాలి, ఎంత ఉష్ణోగ్రతలో కావాలి అని.

కలప గదికి ఎంత కావాలి

గదిలో ఒక లోడుకి రెండు ఘనమీటర్ల చెక్క పడుతుంది. పూర్తిగా ఆరిన లెక్కలో ఘనమీటరుకి 600 కిలోలు అనుకుంటే, మొత్తం 1200 కిలోల కలప. తేమ 40 శాతం నుంచి 12 శాతానికి దిగాలంటే 336 కిలోల నీళ్లు గాలిలోకి వెళ్లాలి. కిలో నీళ్లు ఆవిరి కావడానికి 0.65 నుంచి 0.7 యూనిట్లు పడుతుంది. అంటే నీళ్లకే 220 నుంచి 235 యూనిట్లు. గోడల్లోంచి పోయేది, తేమ గాలిని బయటికి వదిలినప్పుడు దాంతో పోయేది, చెక్క తనంతట తాను వేడెక్కడానికి తీసుకునేది కూడా కలిపి దీన్ని రెట్టింపు చేసుకున్నాం. లోడుకి సుమారు 450 యూనిట్ల వేడి.

గట్టి కలపని తొందరపెట్టకూడదు. పైపొర త్వరగా ఆరి బిగుసుకుని, లోపల తడి అలాగే ఉంటే చెక్క పగులుతుంది, మెలితిరుగుతుంది. మూడు వారాల పాటు నింపాదిగా ఆరాలి. 450ని ఇరవై రోజులకి పంచితే రోజుకి 22, 23 యూనిట్లు. అంటే రాత్రీ పగలూ సగటున ఒక కిలోవాట్. గదిలో గాలి 40 నుంచి 45 డిగ్రీలుంటే చాలు.

ఈ చివరి అంకె మమ్మల్ని బాగా ఉత్సాహపరిచింది. ఇంజిన్ నీళ్లు 80 డిగ్రీల పైన ఉంటాయి. మనకి కావాల్సింది 45. ఈ తేడా ఉంటేనే వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి హాయిగా పారుతుంది. అదే గదికి 90 డిగ్రీలు కావాలని ఉంటే జాకెట్ నీళ్లు, అంటే ఇంజిన్ చుట్టూ తిరిగే ఆ నీళ్లు, ఎందుకూ పనికొచ్చేవి కావు. పొగలోని వేడి ఒక్కటే మిగిలేది.

ఇంజిన్

దీని గురించి పెద్దగా రాయడానికి లేదు. ఉన్న ఇంజిన్నే వాడుతున్నాం. లిస్టర్ తరహా సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజిన్, నిమిషానికి 650 చుట్లు, 6 హార్స్‌పవర్. దానికి బెల్టుతో, కరెంటు పుట్టించే 1500 చుట్ల ఆల్టర్నేటర్. నెమ్మదిగా తిరిగే బరువైన ఇంజిన్, పెద్ద ఫ్లైవీళ్లు, సులువుగా విప్పి బాగుచేసుకునే భాగాలు. మన పనికి ఇంతకంటే మంచిది అక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఇలాంటి జనరేటర్‌కి బయటి లైనుతో కలిసే వీలే ఉండకూడదు. షెడ్డు బోర్డులో రెండు వైపులకీ ఒకేసారి పడని చేంజోవర్ స్విచ్ ఉంది. లైను మీద పనిచేసే మనిషి కరెంటు పోయిందనుకుని స్తంభం ఎక్కినప్పుడు, మన జనరేటర్ కరెంటు వెనక్కి వెళ్లి అతన్ని చంపగలదు. ఆ స్విచ్ సరిగా పనిచేస్తోందని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకే మిగతా పని మొదలుపెట్టాం.

జాకెట్ నీళ్లు

ముందు సులువైన సగం. ఇంజిన్ నుంచి రేడియేటర్‌కి వెళ్లే గొట్టాన్ని మళ్లించి మధ్యలో స్టీలు ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్ పెట్టాం. ఒకవైపు ఇంజిన్ నీళ్లు, ఇంకోవైపు వేడిని దాచుకునే ట్యాంకు నీళ్లు, రెండూ ఎదురెదురు దిశల్లో పారతాయి. అవి ఎక్కడా కలవవు. ఇంజిన్ నీళ్లలో తుప్పు పట్టకుండా కూలెంట్ ఉంటుంది, అది మనుషులు ముట్టుకునే నీళ్లలోకి రాకూడదు. ట్యాంకు నీళ్లలోని ఉప్పు, గాలి ఇంజిన్ లోపలికి పోకూడదు.

పాత రేడియేటర్‌ని తీసెయ్యలేదు. ట్యాంకు నిండా వేడెక్కాక కూడా రంపం ఆడుతూనే ఉండొచ్చు. అప్పుడు మిగులు వేడిని బయటికి వదలడానికి అది ఉండాలి. ట్యాంకు అడుగు నీళ్లు 65 డిగ్రీలు దాటగానే థర్మోస్టాట్ దారి మార్చి రేడియేటర్‌లోకి పంపుతుంది.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకోటుంది. ఇంజిన్‌ని మరీ చల్లబరచకూడదు. ట్యాంకు నీళ్లు చల్లగా ఉన్నప్పుడు ఎక్స్‌ఛేంజర్ ఎంత వేడి దొరికితే అంతా లాగేస్తుంది, సిలిండర్ గోడలు చల్లబడిపోతాయి. అప్పుడు డీజిల్ సరిగా కాలదు, మసి పేరుకుంటుంది, ఇంధనంలోని గంధకం వల్ల పుట్టే ఆమ్లం గోడల మీద చెమ్మగా దిగి లోహాన్ని తింటుంది. అందుకని మూడు దారుల థర్మోస్టాటిక్ వాల్వు పెట్టాం. ఇంజిన్‌లోకి తిరిగి వెళ్లే నీళ్లు 70 డిగ్రీలకి తగ్గకుండా అది చూసుకుంటుంది. "ఇది లేకపోతే ఏమవుతుంది అన్నయ్యా, ఖర్చు తగ్గుతుంది కదా" అని తమ్ముడు అడిగాడు. వేడి కోసం ఇంజిన్‌ని బలిపెట్టలేమని చెప్పాను. ఇంజిన్ ఆయుష్షు తగ్గితే మనం ఆదా చేసిందంతా ఒక్క రిపేరుకి పోతుంది.

పొగలోని వేడి

కష్టమైన సగం ఇది. నాకు బాగా నచ్చిన సగం కూడా ఇదే.

ఈ ఇంజిన్ నిమిషానికి దాదాపు 400 లీటర్ల గాలి పీల్చి వదులుతుంది. సెకనుకి ఎనిమిది గ్రాముల పైచిలుకు వాయువు. మంచి లోడులో అది 300 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. మొత్తం వేడి రెండు కిలోవాట్ల పైనే. అయినా దాన్నంతా తీసుకోలేం. పొగని బాగా చల్లబరిస్తే అందులోని నీటి ఆవిరి, ఆమ్లపు ఆవిరి గొట్టాల గోడల మీద దిగుతాయి. ఆ తడి స్టీలుని కూడా వదలదు. 130, 140 డిగ్రీల దగ్గర ఆగిపోవడం క్షేమం. 300 నుంచి 140కి దించితే దక్కేది 1.4 కిలోవాట్లు.

ఎక్స్‌ఛేంజర్‌ని మేమే చేయించాం. లోపల సన్న గొట్టాల కట్ట, వాటిలోంచి పొగ, చుట్టూ పెద్ద గొట్టం, అందులో నీళ్లు. పొగ పక్కన వేడి బదిలీ చాలా మందకొడిగా ఉంటుంది. నీళ్ల పక్కన ఎంత బాగున్నా మొత్తాన్ని శాసించేది పొగ పక్కే. చదరపు మీటరుకి, ప్రతి డిగ్రీ తేడాకి 30 వాట్లు అనుకుని లెక్క వేశాం. సగటు ఉష్ణోగ్రత తేడా దాదాపు 140 డిగ్రీలు. అప్పుడు కావాల్సిన ఉపరితలం చదరపు మీటరులో మూడోవంతు. 20 మిల్లీమీటర్ల వ్యాసం, 60 సెంటీమీటర్ల పొడవున్న గొట్టాలైతే తొమ్మిది సరిపోతాయి. మసి పట్టినా పని ఆగకూడదని పన్నెండు పెట్టించాం.

వెల్డింగ్ చేసిన బాబాయ్ ఒక మంచి మాట అన్నాడు. "గొట్టాలు వంపులు లేకుండా తిన్నగా ఉండాలి, మూత విప్పితే ఈ చివర నుంచి ఆ చివర కనపడాలి. లేకపోతే మసి తీసేదెలా?" ఆయన మాట వల్లే రెండు చివర్లా బోల్టులతో విప్పే మూతలు వచ్చాయి. ఈ డిజైన్‌లో మాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడిన నిర్ణయం అదే. అడుగున ఒక చిన్న డ్రెయిన్ కూడా పెట్టించాడు. ఇంజిన్ చల్లగా మొదలైన తొలి నిమిషాల్లో చేరే తడి దాంట్లోంచి బయటికి పోతుంది.

గొట్టాలు ఎక్కువైతే పొగకి అడ్డు తగ్గుతుంది, కానీ వేగం తగ్గి వేడి బదిలీ మందగిస్తుంది. గొట్టాలు తక్కువైతే అడ్డు పెరిగి ఇంజిన్ ఊపిరాడక ఇబ్బంది పడుతుంది. దీన్ని కొలవడానికి ఖరీదైన మీటరేమీ అక్కర్లేదు. పారదర్శక గొట్టాన్ని యూ ఆకారంలో వంచి, సగం దాకా నీళ్లు పోసి, ఒక చివరని ఎక్స్‌ఛేంజర్ ముందు బిగించాం. నీటి మట్టాల తేడాయే వెనక ప్రెషర్, అంటే పొగకి ఎదురయ్యే అడ్డు. ఎక్స్‌ఛేంజర్ పెట్టాక మట్టం పెరిగింది గానీ ఇంజిన్ శబ్దంలో, పొగ రంగులో మార్పు లేదు. ఆ మట్టం దగ్గర గోడ మీద గీత గీశాం. తర్వాత అది పెరిగితే లోపల మసి చేరిందని అర్థం.

భద్రత విషయంలో రాజీ పడలేదు. 300 డిగ్రీల పొగ తగిలే చోట నీళ్లు కదలకుండా నిలిచిపోతే క్షణాల్లో ఆవిరి అవుతాయి. మూసిన డబ్బాలో ఆవిరి పుడితే అది బాంబే. అందుకే నీళ్ల లైను ఎక్కడా మూసుకుపోయేలా లేదు. ట్యాంకు పైన గాలికి తెరిచిన గొట్టం ఉంది. ఎక్స్‌ఛేంజర్‌కి, ఆ గొట్టానికి మధ్య ఒక్క వాల్వు కూడా లేదు. ఎక్స్‌ఛేంజర్ మీదే ఒక సేఫ్టీ వాల్వు ఉంది. పంపు ఆగిపోయి నీళ్లు 95 డిగ్రీలు దాటితే ఇంజిన్‌ని ఆపే స్విచ్ ఉంది. షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాం. ఆ వాయువుకి రంగు, వాసన ఉండవు, ఒక జాయింటు కారితే మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. చెక్క పొట్టు ఉండే షెడ్డు కాబట్టి వేడి గొట్టాలన్నిటికీ వేడిని ఆపే రాక్‌వూల్ చుట్టి, పైన రేకు తొడిగాం.

కొలతల రోజు

రంపం మీద కొలతలు తీస్తే అంకెలు నిలకడగా ఉండవు. అందుకే నీళ్ల డ్రమ్ములో హీటర్ కాయిళ్లు వేసి, సరిగ్గా 2 కిలోవాట్ల స్థిరమైన లోడు పెట్టాం. ఇంజిన్ ఒళ్లంతా వేడెక్కే దాకా ఆగి, ఆ తర్వాత కొలిచాం.

డీజిల్‌ని ట్యాంకులో కొలిస్తే తేడా పట్టలేం. గీతలున్న చిన్న సీసాలోంచి ఇంజిన్‌కి ఇచ్చి, అరగంటకి ఎంత తగ్గిందో చూశాం. గంటకి 0.87 లీటర్లు. అంటే లోపలికి వెళ్తున్న శక్తి 8.7 కిలోవాట్లు. నీళ్ల వేడికి ఒక సులువైన సూత్రం ఉంది: నిమిషానికి పారే లీటర్లని ఉష్ణోగ్రత తేడాతో గుణించి, 0.07తో గుణిస్తే కిలోవాట్లు వస్తాయి. ప్లేట్ ఎక్స్‌ఛేంజర్ దగ్గర నిమిషానికి 4 లీటర్లు, 9 డిగ్రీలు. అంటే 2.5 కిలోవాట్లు. పొగ ఎక్స్‌ఛేంజర్ దగ్గర అవే 4 లీటర్లు, 5 డిగ్రీలు. అంటే 1.4 కిలోవాట్లు.

కరెంటు 2, వేడి 3.9, కలిపి 5.9 కిలోవాట్లు. లోపలికి వెళ్లిన 8.7లో ఇది 68 శాతం. కరెంటు ఒక్కదాన్నే చూస్తే 23 శాతం. అదే ఇంజిన్, అదే డీజిల్.

మిగతా 2.8 ఎక్కడికి పోయిందో కూడా లెక్క చూశాం. 140 డిగ్రీల పొగతో దాదాపు 1 కిలోవాట్. ఆల్టర్నేటర్, బెల్టులో అర కిలోవాట్ పైన. మిగిలింది ఇంజిన్ ఒంటి నుంచి, నూనె నుంచి షెడ్డు గాలిలోకి. పెద్ద గ్యాస్ ఇంజిన్లతో నడిచే కేంద్రాలు 85 శాతం దాటుతాయి. అవి నూనె వేడిని కూడా పడతాయి. గంధకం దాదాపు లేని గ్యాస్ కాబట్టి పొగని ఇంకా చల్లబరచగలవు. మా సైజులో, డీజిల్‌తో 68 మంచి అంకె అనే నా అభిప్రాయం.

అసలు పనిలో లోడు ఎప్పుడూ 2 కిలోవాట్లుండదు. రంపం ఆగి, చెక్క మార్చే సమయంలో సగానికి పడిపోతుంది. 1 కిలోవాట్ లోడులో కొలిస్తే డీజిల్ గంటకి 0.6 లీటర్లు. కరెంటు వాటా 17 శాతానికి దిగింది. జాకెట్ వేడి మాత్రం 2 కిలోవాట్ల దగ్గర నిలబడింది. ఇంజిన్ ఖాళీగా తిరిగినా రాపిడికి, మండటానికి కావాల్సిన ఇంధనం కావాలి కదా, ఆ వేడంతా నీళ్లలోకే. అందుకే మొత్తం మీద సామర్థ్యం 63 దాకా ఉంది. వేడిని వాడుకునే ఏర్పాటు ఉంటే తక్కువ లోడు వల్ల జరిగే నష్టం చాలావరకు తగ్గుతుంది. కరెంటు కోసమే నడిపే జనరేటర్‌కి ఈ వెసులుబాటు లేదు.

ట్యాంకు, నీళ్ల వేగం

ట్యాంకు 500 లీటర్లు, నిలువుగా, ఇన్సులేషన్‌తో. ఇంజిన్ ఆరు గంటలు తిరిగితే 23 యూనిట్ల వేడి వస్తుంది. ఆ సమయంలోనే గది ఆరు యూనిట్లు తీసుకుంటుంది. మిగిలిన 17 యూనిట్లు ట్యాంకులో దాగాలి. 500 లీటర్లని 42 నుంచి 72 డిగ్రీలకి తీసుకెళ్తే సరిగ్గా అంతే పడుతుంది.

మొదట్లో నీళ్లు నిమిషానికి 4 లీటర్ల చొప్పున తిప్పాం. ఒక్కో చుట్టుకి 14 డిగ్రీలు పెరుగుతాయి. ట్యాంకు మొత్తం ముందు 56కి వచ్చి, తర్వాత రెండో చుట్టులో 70కి వెళ్లేది. అంటే పొద్దున మొదలుపెట్టిన ఇంజిన్ నుంచి మంచి వేడి నీళ్లు చేతికొచ్చేసరికి మధ్యాహ్నం దాటేది. వాల్వు బిగించి 2 లీటర్లకి తగ్గించాం. వేడి అంతే, 3.9 కిలోవాట్లే. తేడా మాత్రం రెట్టింపై 28 డిగ్రీలకి వచ్చింది. 42లో లోపలికి వెళ్లిన నీళ్లు ఒక్క చుట్టులో 70తో బయటికొచ్చాయి. ట్యాంకు పైభాగంలో మొదటి గంటలోనే వాడుకోదగిన నీళ్లు ఉన్నాయి.

ఇది పనిచేయాలంటే ట్యాంకులో వేడి నీళ్లు పైన, చల్లవి కింద, కలవకుండా నిలవాలి. పైనుంచి వేగంగా దూకే నీళ్లు మొత్తాన్ని కలిపేస్తాయి. లోపలికొచ్చే గొట్టం చివర మూసేసి, పక్కలకి పెద్ద రంధ్రాలు పెట్టాం. నీళ్లు అడ్డంగా, మెల్లగా పరుచుకుంటాయి. ట్యాంకు ఒంటికి పై నుంచి కింది వరకు థర్మామీటర్లు బిగించాం. ఇంజిన్ నడుస్తుంటే వేడి గీత ఒక్కో థర్మామీటర్ దాటుతూ కిందికి దిగడం కనిపిస్తుంది. అది అడుగుకి చేరితే ట్యాంకు నిండినట్టు. ఇంతకంటే చక్కని మీటరు నేను చూడలేదు.

గది, రాత్రి ఫ్యాను

గదిలో వేడి వదలడానికి ఒక పాత లారీ రేడియేటర్ పెట్టాం. ఉపరితలం ఎక్కువ కాబట్టి 50 డిగ్రీల నీళ్లతో కూడా ఒక కిలోవాట్ సులభంగా ఇస్తుంది. దాని వెనక ఫ్యాను. గాలి చెక్కల వరసల మధ్య సమానంగా పారాలి, అందుకు వరసకీ వరసకీ మధ్య ఒకే మందం ఉన్న బద్దలు పెట్టాం.

ఇంజిన్ ఆగాక కూడా ఫ్యాను తిరగాలి. 100 వాట్ల ఫ్యాను పద్దెనిమిది గంటలు తిరిగితే 1.8 యూనిట్లు. దీనికి బ్యాటరీ పెట్టాం, పగలు ఇంజిన్ నడిచేటప్పుడు దాన్ని 300 వాట్లతో ఛార్జ్ చేస్తున్నాం. ఇందులో ఇంకో లాభం కలిసొచ్చింది. రంపం ఆగిన సమయంలో ఇంజిన్‌కి కొంచెం లోడు దొరుకుతుంది. చాలాసేపు ఖాళీగా తిరిగే డీజిల్ ఇంజిన్‌లో కాలని ఇంధనం, మసి కలిసి జిడ్డుగా పట్టేస్తాయి. ఆ బెడద తగ్గింది.

మసి

సుమారు వంద గంటలు నడిచాక పొగ ఎక్స్‌ఛేంజర్ దాటిన వాయువు 140కి బదులు 185 డిగ్రీలు చూపించింది. యూ గొట్టంలో నీళ్లు గోడ మీది గీత దాటి పైకి వచ్చాయి. నీళ్లలోకి వచ్చే వేడి 1.4 నుంచి 1 కిలోవాట్‌కి పడింది. మసి పలచని పొరే, కానీ వేడిని ఆపడంలో అది గట్టి దుప్పటి. మూతలు విప్పి, గొట్టాల్లో వైరు బ్రష్ ఆడించాం. మళ్లీ 140 వచ్చింది. పెద్ద పనేమీ కాదు, ఒక పూటలో అయిపోతుంది. ముక్కుకి మాస్క్ మాత్రం తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. వంద గంటలకోసారి అని బోర్డు మీద రాసిపెట్టాం.

నిజంగా ఎంత ఆదా

68 శాతం అనే అంకె చూసి సంతోషపడటం సులువు. దాన్ని దేనితో పోల్చాలన్నది అసలు ప్రశ్న. విడివిడిగా చేస్తే, కరెంటుని 38 శాతం సామర్థ్యమున్న కేంద్రం నుంచి, వేడిని 85 శాతం సామర్థ్యమున్న బాయిలర్ నుంచి తెచ్చుకున్నామనుకుందాం. 2 కిలోవాట్ల కరెంటుకి 5.3, 3.9 కిలోవాట్ల వేడికి 4.6. మొత్తం 9.9 కిలోవాట్ల ఇంధనం. మాకు పట్టింది 8.7. ఆదా 12 శాతం. యూరోపియన్ యూనియన్ కోజనరేషన్ (కరెంటు, వేడి కలిపి తీయడం) మీద 2004లో తెచ్చిన ఆదేశం కూడా ఇదే పద్ధతిలో లెక్కగట్టేది. వేడి శాతాన్ని, కరెంటు శాతాన్ని విడి విడి ఉత్పత్తితో పోల్చి, ఆదా ఉందా లేదా చూసేది.

ఇదే లెక్కని వేడిని వాడకుండా వేసి చూస్తే భయమేస్తుంది. 2 కిలోవాట్ల కరెంటుకి కేంద్రం 5.3 కాలిస్తే మనం 8.7 కాలుస్తున్నాం. 65 శాతం ఎక్కువ. కలప గది ఖాళీగా ఉన్న వారం ఈ యంత్రాంగమంతా మామూలు జనరేటరే, ఇంకా చెప్పాలంటే పంపు, ఫ్యాను కలిపి అంతకంటే కొంచెం ఎక్కువ తినే జనరేటర్. ఇలాంటిది కట్టుకోవాలనుకునే వాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. ఏడాదిలో ఎన్ని గంటలు వేడికి నిజమైన అవసరం ఉందో కాగితం మీద రాసుకోండి. హాస్పిటల్, హాస్టల్, ఈతకొలను, బట్టలుతికే యూనిట్, పాల శీతలీకరణ కేంద్రంలో పాత్రలు కడిగే వేడి నీళ్లు, ధాన్యం ఆరబెట్టే చోటు, ఇలా వేడి రోజూ కావాల్సిన చోట్లే ఇది నిలబడుతుంది. చలికాలంలో రెండు నెలలు మాత్రమే వేడి కావాల్సిన ఇంటికి నేను దీన్ని సిఫారసు చెయ్యను.

మా విషయంలో పోలిక ఇంకా తేలిక. జనరేటర్ ఎలాగూ తిరుగుతోంది, ఆ డీజిల్ ఎలాగూ కాలుతోంది. కొత్తగా వచ్చిన 23 యూనిట్ల వేడి మొత్తం లాభమే. గది పొయ్యి ఆరిపోయింది. పొయ్యి వేడి రాత్రి తగ్గి పగలు పెరిగేది, ఆ ఎగుడుదిగుడుకి పలకల చివర్లు పగిలేవి. ట్యాంకు నుంచి వచ్చే వేడి నిలకడగా ఉంది. మొదటి లోడు 12 శాతం తేమకి దిగి బయటికొచ్చినప్పుడు తమ్ముడు ఒక్కో పలకని తిప్పి చివర్లు చూసి, "ఈసారి కోసి పారెయ్యాల్సింది చాలా తక్కువ అన్నయ్యా" అన్నాడు. డీజిల్ లెక్కలో ఎక్కడా కనిపించని ఆదా ఇది. నాకు మాత్రం చాలా విలువైనదనిపించింది.

ఇప్పుడు చేస్తున్నది

రెండో లోడు గదిలో ఉంది. ఇది మొదటిదానికంటే మందమైన పలకలు, ఇంకా నెమ్మదిగా ఆరాలి. అందుకే ఫ్యానుని తేమ మీటరు ప్రకారం ఆగుతూ తిరిగేలా పెడుతున్నాం. రోజుకి కావాల్సిన వేడి 23 నుంచి 15 యూనిట్లకి తగ్గుతుంది. మిగులు వేడిని రేడియేటర్‌కి పంపకుండా, షెడ్డులో బంక వేడిచేసే చోటికి, చేతులు కడుక్కునే పంపుకి ఒక చిన్న కాయిల్ ద్వారా ఇవ్వాలని గొట్టాలు వేస్తున్నాం.

పొయ్యిలోకి పోయే కట్టె ముక్కలు ఇప్పుడు మూల పేరుకుంటున్నాయి. వాటిని తక్కువ గాలిలో కాల్చి మండే వాయువు తీసి, ఇంజిన్ పీల్చే గాలిలో కలిపితే డీజిల్‌లో సగానికి పైగా తగ్గించవచ్చు. డీజిల్ కొంచెం మాత్రం నిప్పు అంటించడానికి ఉండాలి. అసలు సమస్య ఆ వాయువుని శుభ్రం చెయ్యడం. అందులోని తారు ఇంజిన్ వాల్వులకి అంటుకుంటే రోజుల్లో ఇంజిన్ బిగుసుకుపోతుంది. అందుకని ఇంజిన్ జోలికి పోకుండా ముందు ఈ వాయువు తీసే గ్యాసిఫైయర్‌ని విడిగా, బయట ఆరుబయలులో నడుపుతాం. ఫిల్టర్ తర్వాత తెల్ల గుడ్డ కట్టి, దాని మీద మరక పడకుండా వరసగా కొన్ని గంటలు నడిస్తేనే గొట్టాన్ని ఇంజిన్ దాకా తెస్తాం. బాబాయ్ ఈ వారం డ్రమ్ము కోస్తున్నాడు.